ఎలుకల్లో నయమైంది అంటే, ఏ ఎలుకలో?

మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, నెలకి ఒకసారైనా వాట్సాప్‌లో ఏదో ఒక వార్త పంపుతుంది. కండరాల జబ్బుకి మందు దొరికింది, ఎలుకల్లో పూర్తిగా తగ్గిపోయింది అని హెడ్డింగు, కింద ఎలుక ఫొటో, దాని కింద అక్క రాసిన ఒక్క లైను: "మన వాడికి ఎప్పటికొస్తుందిరా ఇది?" మన వాడంటే మా మేనల్లుడు, 11 ఏళ్ళు, డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. పోయిన సంక్రాంతికి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు, ఇప్పుడు వీల్‌చెయిర్. ఆ ఒక్క లైనుకి రెండేళ్ళుగా నేను "ఇంకా టైం పడుతుందంట అక్కా" అని దాటేస్తూ వచ్చాను. అలా దాటేయడం తనకి అన్యాయం అనిపించి కూర్చుని చదవడం మొదలుపెట్టా, చదివేకొద్దీ అర్థమైంది ఏంటంటే ఆ వార్తల్లో చాలావరకు అబద్ధాలు కావు, నిజంగానే ఎలుకల్లో తగ్గింది, కానీ "ఎలుక" అనే ఒక్క మాట కింద పది రకాల ఎలుకలున్నాయి, ఏ ఎలుకలో తగ్గిందో తెలియకపోతే ఆ వార్త సగం వార్తే.

ముందు జబ్బు గురించి. ఇది సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. మూడు నాలుగేళ్ళప్పుడు పిల్లాడు నేల మీద నుంచి లేచే తీరులో తేడా కనిపిస్తుంది, ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద చేతులు వేసుకుంటూ, తన ఒళ్ళు తనే ఎక్కుతున్నట్టు లేస్తాడు. పిక్కలు చూస్తే మాత్రం బలంగా, లావుగా ఉంటాయి. మా వాడి పిక్కలు చూసి మా నాన్న "పహిల్వాన్ అవుతాడు వీడు" అన్నారు, ఆ లావు కండ కాదు, కండ పోయిన చోట చేరుతున్న కొవ్వు, గట్టిపడిన పీచు అని అప్పుడు మాకెవరికీ తెలీదు. రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ ఎక్కువుందని ఒక ఆస్పత్రిలో ఆరు నెలలు లివర్ మందులు వాడించారు. ఆ ఎంజైమ్ లివర్ నుంచే కాదు, దెబ్బతిన్న కండరం నుంచి కూడా రక్తంలోకి వస్తుంది, కాబట్టి పిల్లాడు ఆలస్యంగా నడిచినా, మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతున్నా సీపీకే అనే కండరాల ఎంజైమ్ టెస్ట్ ఒకటి చేయించండి, అది ఖరీదైన టెస్ట్ కాదు. మామూలుగా ఒకటి రెండు వందల దగ్గరుండాల్సిన సీపీకే ఈ పిల్లల్లో పది వేలు, ఇరవై వేలు ఉంటుంది.

ఎందుకలా అంటే, కండరంలో ప్రతి పోగు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. పోగు లోపల లాగే యంత్రాంగం ఉంది, బయట దాన్ని పట్టి ఉంచే జాలి ఉంది, ఈ రెంటినీ పొర గుండా కలిపి ఉంచే వరసలో లోపలి వైపు ఉండే పొడుగాటి ప్రొటీన్ పేరు డిస్ట్రోఫిన్. మధ్యలో స్ప్రింగులాగా 24 మడతలుంటాయి, పని షాక్ అబ్జార్బర్ పనే. అది లేకపోతే కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ పొర చిరుగుతుంది, బయటి కాల్షియం లోపలికి, లోపలి ఎంజైములు బయటికి, పోగు చచ్చిపోతుంది. పక్కనే ఉండే మూలకణాలు కొత్త పోగుని పుట్టిస్తాయి, అదీ చిరుగుతుంది, మళ్ళీ పుట్టిస్తాయి, కొన్నేళ్ళకి వాటి ఓపిక అయిపోతుంది. ఆ డిస్ట్రోఫిన్ తయారీ పత్రం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మనిషి జన్యువుల్లో అన్నిటికంటే పొడుగైనవాటిలో ఒకటి, 20 లక్షలకి పైగా అక్షరాలు, 79 ముక్కలు. ఆ ముక్కల్నే ఎక్సాన్లు అంటారు. అమెరికాలోని బోస్టన్‌లో లూయీ కంకెల్ బృందం 1987లో ఈ ప్రొటీన్‌ని పట్టుకుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లిని అనేస్తారు, మా అక్కని కూడా అన్నారు. దాదాపు మూడో వంతు కేసుల్లో ఆ తప్పు తల్లి రక్తంలో ఉండనే ఉండదు, కొత్తగా పుట్టుకొచ్చినదే, ఉన్న చోట కూడా అది ఆమె చేసిన పని కాదు.

ఇప్పుడు ఎలుక. మనం తెలుగులో ర్యాట్‌నీ మౌస్‌నీ రెంటినీ ఎలుకే అంటాం, ఇక్కడ మాట్లాడేది చిట్టెలుక గురించి, మన వంటింట్లో తిరిగే జాతే, 25 గ్రాములు ఉంటుంది. ఈ జబ్బుకి అందరూ వాడే ఎలుక పేరు ఎండీఎక్స్, విచిత్రం ఏంటంటే దీన్ని ఎవరూ జన్యుమార్పిడి చేసి తయారు చెయ్యలేదు, 1984లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ల్యాబ్ ఎలుకల రక్తం పరీక్షిస్తుంటే కొన్నిటిలో కండరాల ఎంజైములు ఎక్కువ కనపడ్డాయి, అంటే సీపీకే చూసి మన డాక్టర్లు పట్టుకున్నట్టే పట్టుకున్నారు. మూడేళ్ళ తర్వాత డిస్ట్రోఫిన్ దొరికాక చూస్తే ఈ ఎలుకల్లో కూడా సరిగ్గా అదే ప్రొటీన్ లేదు. 1989కి తప్పు ఎక్కడో కూడా తెలిసింది, 23వ ఎక్సాన్‌లో ఒక్క అక్షరం మారి, వాక్యం మధ్యలో ఫుల్‌స్టాప్ పడింది. అదే ప్రొటీన్, అదే జన్యువు, అదే జబ్బు. ఇంకేం, మనకి కావాల్సిన ఎలుక దొరికేసింది అనుకుంటాం కదా.

కానీ ఈ ఎలుక బాగానే ఉంటుంది.

ఈ ముక్క చదివినప్పుడు నాకు కాసేపు మింగుడు పడలేదు. బోనులో మామూలు ఎలుక పక్కన దీన్ని పెడితే చూసి గుర్తుపట్టడం కష్టం. పరిగెడుతుంది, పిల్లల్ని కంటుంది, రెండేళ్ళ దాకా బతుకుతుంది, మామూలు ఎలుక కంటే కొంచెం తక్కువ అంతే. తీగకి వేలాడదీసి ఎంతసేపు పట్టుకుంటుందో టైం చూస్తారు, అక్కడ మామూలు ఎలుక కంటే ముందు జారిపోతుంది, ట్రెడ్‌మిల్ మీద కిందికి దిగే వాలులో పరిగెత్తిస్తే కండరం దెబ్బతింటుంది, మెట్లు దిగేటప్పుడు మన కండరాల మీద పడే భారం లాంటిదే అది. జబ్బు లేదని కాదు, లోపల ఉంది. ఇవాన్స్ బ్లూ అని ఒక నీలం రంగు ఇంజెక్షన్ ఇస్తారు, మంచి పోగు పొర ఆ రంగుని లోపలికి రానివ్వదు, చిరిగిన పోగులోకి మాత్రం వెళ్తుంది. మర్నాడు ఆ ఎలుక చర్మం కింద కండరం చూస్తే ఎర్రటి కండలో నీలం చారలు, సూక్ష్మదర్శిని అక్కర్లేదు, మామూలు కంటికే కనపడతాయి. మూడు వారాల వయసులో పోగులు గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి, తర్వాతి వారాల్లో కొత్తవి పుట్టి ఆ ఖాళీలు పూడ్చేస్తాయి. పుట్టిన కొత్త పోగుకి ఒక గుర్తు ఉంటుంది, మామూలు పోగులో కేంద్రకాలు అంచున ఉంటాయి, మళ్ళీ పుట్టిన పోగులో నడి మధ్యన వరసగా ఉంటాయి, పెద్దయిన ఎండీఎక్స్ ఎలుక కాలి కండని స్లైడ్ మీద చూస్తే గులాబీ రంగు గుండ్రాల మధ్యలో ఊదా చుక్కలు పెట్టినట్టుంటుంది. ప్రతి చుక్కా ఒకసారి చచ్చి పుట్టిన పోగు. ఒక్క డయాఫ్రమ్ మాత్రం, అంటే ఊపిరి తీసే కండరం, మనిషిలో లాగానే దెబ్బతింటూ పోతుంది, దానికి రెస్ట్ అనేది లేదు కాబట్టి.

మరి మనిషిలో పూడని ఖాళీ ఎలుకలో ఎలా పూడుతోంది? జన్యుమార్పిడి ఎలుకలు ఈ ప్రశ్న కోసమే పుట్టుకొచ్చాయి, నా మటుకు నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ శాస్త్రవేత్తలు ఎలుకని నయం చెయ్యడం పక్కనపెట్టి, ఎలుక ఎందుకు బాగుందో తెలుసుకోవడానికి ఒక్కొక్క ఆధారం పీకేసి చూశారు. డిస్ట్రోఫిన్‌కి యుట్రోఫిన్ అని తమ్ముడి వరస ప్రొటీన్ ఒకటుంది, ఎండీఎక్స్ ఎలుకలో అన్న లేని చోట తమ్ముడు నిలబడుతున్నాడేమో అని అనుమానం వచ్చి, 1997లో రెండూ లేని ఎలుకల్ని తయారు చేశారు. అవి నడుము వంగిపోయి, ఊపిరాడక, ఇరవై వారాల్లోపే చచ్చిపోయాయి. అనుమానం నిజం. తర్వాత మూలకణాల సంగతి. క్రోమోజోమ్ చివర టెలోమియర్ అని ఒక తోక ఉంటుంది, కణం విడిపోయిన కొద్దీ అరుగుతుంది, ల్యాబ్ ఎలుకలకి అది మనకంటే చాలా పొడుగు, కాబట్టి వాటి మూలకణాలు ఎన్నిసార్లయినా పుట్టించగలవు. 2010లో అమెరికాలో హెలెన్ బ్లావ్ బృందం ఆ తోకలు పొట్టిగా ఉండే ఎండీఎక్స్ ఎలుకల్ని చేసి చూస్తే జబ్బు మనుషుల్లో లాగా ముదిరింది. అదే ఏడాది ఇంకో బృందం కణాల మీద ఉండే ఒక రకం చక్కెరని తీసేసింది, ఆ చక్కెర చేసే జన్యువు మనిషి జాతిలో ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందటే చెడిపోయింది, ఎలుకలో పనిచేస్తుంది, దాన్ని చెడగొడితే మళ్ళీ అదే, జబ్బు ముదిరింది.

ఇంకా తేలిక విషయం ఒకటి, ఎలుక వంశం. ల్యాబ్ ఎలుకలు తరతరాలుగా అన్నాచెల్లెళ్ళ మధ్యే పెంచినవి, ఒక వంశంలో ఎలుకలన్నీ కవలల్లాంటివి. అదే ఎండీఎక్స్ తప్పుని డీబీఏ/2 అనే వేరే వంశంలోకి తెస్తే పీచు ఎక్కువ పడుతుంది, కండ త్వరగా తగ్గుతుంది. తేడాకి కారణమైన వాటిల్లో ఎల్‌టీబీపీ4 అనే జన్యువు ఒకటి, ఆ జన్యువులోని తేడాలే డుషెన్ పిల్లలు ఏ వయసు దాకా నడుస్తారన్న దాని మీద కూడా ప్రభావం చూపుతాయని తర్వాత తేలింది. ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ములకి ఒకే తప్పు ఉండి ఒకడు 9కి, ఒకడు 12కి నడక ఆపేయడం అనేది డాక్టర్లు చూస్తూ ఉండేదే, దానికి ఒక కారణం ఎలుక చెప్పింది.

కాబట్టి వార్తలో "ఎలుకల్లో తగ్గింది" అని ఉంటే మొదటి అనుమానం ఇది: అది తనంతట తనే చాలావరకు కోలుకునే ఎలుకా, లేక ఆధారాలన్నీ తీసేసిన ఎలుకా?

రెండోది టైము. ఇది నేను చాలా ఆలస్యంగా గమనించా. 1993లో ఎండీఎక్స్ ఎలుకల్లో డిస్ట్రోఫిన్ జన్యువుని బయట నుంచి పెట్టారు, మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రొటీన్ తయారైంది, జబ్బు రానే రాలేదు, హాని కూడా లేదు. గొప్ప ఫలితమే. కానీ ఆ జన్యువు పిండంగా ఉన్నప్పుడే పెట్టారు, అంటే ఆ ఎలుక ఒక్క రోజు కూడా జబ్బుతో బతకలేదు. దాన్ని నయం చెయ్యడం అనలేం, రాకుండా చెయ్యడం అనాలి. 1996లో ఆక్స్‌ఫర్డ్‌లో కే డేవిస్ బృందం యుట్రోఫిన్‌ని అలాగే ఎక్కువ చేసి చూపించింది, అక్కడా అదే, ఎలుక పుట్టకముందే తమ్ముడు కాపలాకి నిలబడ్డాడు. ఆ ఆలోచన మీద నుంచి ఎజుట్రోమిడ్ అనే మందు వచ్చింది, 2018లో పిల్లల్లో ట్రయల్ ఫెయిలైంది. మా వాడి తొడల్లో ఇప్పటికే కొవ్వు, పీచు చేరిపోయింది, అక్కడ డిస్ట్రోఫిన్ తెచ్చిపెట్టాలన్నా పెట్టడానికి పోగు ఉండాలి కదా.

మయోస్టాటిన్ కథ కూడా ఈ దారిలోదే. అది కండ పెరగకుండా ఆపే ప్రొటీన్. 1997లో జాన్స్ హాప్కిన్స్‌లో సె-జిన్ లీ వాళ్ళు ఆ జన్యువు తీసేసిన ఎలుకల్ని చేశారు, కండరాలు రెండు మూడు రెట్లు, ఫొటో చూస్తే తోలు ఒలిచిన ఎలుక భుజాలు బస్తాలు మోసేవాడి భుజాల్లా ఉంటాయి. ఎండీఎక్స్ ఎలుకల్లో మయోస్టాటిన్‌ని అడ్డుకుంటే బలం పెరిగింది. డుషెన్ పిల్లల్లో చేసిన ట్రయల్స్ ఏవీ ముందుకి పోలేదు, 2018లో ఫైజర్ కూడా తన మందుని ఆపేసింది. తర్వాత తెలిసిందేంటంటే డుషెన్ పిల్లల్లో మయోస్టాటిన్ అసలే తగ్గిపోయి ఉంటుంది, శరీరం తనంతట తనే ఆ బ్రేకు తీసేసింది. లేని బ్రేకుని మళ్ళీ తీయడానికి మందెందుకు.

ఇప్పుడు మా వాడి రిపోర్ట్ దగ్గరికొస్తా. అందులో "48 నుంచి 50 ఎక్సాన్ల డెలీషన్" అని ఉంది. మూడు ముక్కలు పోయాయి, 79లో మూడే కదా అనిపిస్తుంది. కణం జన్యువులోని అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతుంది, ఇది తెలుగులోనే చూపిస్తా. ఈ వాక్యం చూడండి, అన్నీ మూడక్షరాల మాటలు: కమల పలక కడిగె తుడిచె అలిసె. ఇందులో "పల" అనే రెండక్షరాలు ఊడిపోయాయి అనుకోండి, మూడేసి చదివే అలవాటు మారదు కాబట్టి ఇలా అవుతుంది: కమల కకడి గెతుడి చెఅలి సె. రెండక్షరాలే పోయాయి, అక్కణ్ణుంచి చివరిదాకా అర్థం మొత్తం పోయింది. డుషెన్‌లో జరిగేది ఇదే. ఇప్పుడు మిగిలిపోయిన ఆ "క" కూడా కావాలనే తీసేస్తే? కమల కడిగె తుడిచె అలిసె. పలక లేదు, కానీ వాక్యం నిలబడింది. ఇంకొంచెం పోగొట్టుకుని అర్థం దక్కించుకోవడం, దీన్నే ఎక్సాన్ స్కిప్పింగ్ అంటారు. మా వాడి విషయంలో దాటెయ్యాల్సింది 51వ ఎక్సాన్. ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు 13 శాతం మందికి 51 దాటేస్తే సరిపోతుంది.

దీన్ని ఎలుకలో పరీక్షించాలి. ఎండీఎక్స్‌లో తప్పు 23లో ఉంది, అక్కడ 23ని దాటేయించారు, పనిచేసింది, దారి సరైందే అని తెలిసింది. కానీ పిల్లలకిచ్చే మందు మనిషి 51వ ఎక్సాన్ అక్షరాలకి అతుక్కోవాలి, ఎలుక అక్షరాలు వేరు, అతుక్కోదు. అందుకని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మనిషి డిస్ట్రోఫిన్ జన్యువు మొత్తం, ఆ 20 లక్షల పైచిలుకు అక్షరాలతో సహా, ఎలుకలోకి ఎక్కించారు, 2008లో ప్రకటించారు. తర్వాత అందులోంచి 52వ ఎక్సాన్ తీసేసి, ఎలుక సొంత డిస్ట్రోఫిన్ కూడా లేకుండా చేసి, మనిషి తప్పుతో బతికే ఎలుకని చేశారు. అమెరికాలో ఎరిక్ ఓల్సన్ బృందం క్రిస్పర్ అనే జన్యువుని కత్తిరించే పద్ధతితో 50వ ఎక్సాన్ లేని ఎలుకని చేసింది, దానికీ 51 దాటేస్తేనే వాక్యం నిలబడుతుంది. ఇన్ని ఎలుకల్లో మా వాడి రిపోర్ట్‌కి దగ్గరి చుట్టం ఏదైనా ఉంటే ఇదిగో ఇవే.

అయితే ఎలుక సరిగ్గా ఉన్నా మనిషిలో దెబ్బతినే చోటు ఇంకోటుంది, మోతాదు. ఎలుకకి కేజీకి ఇంత అని గట్టిగా ఇచ్చెయ్యొచ్చు, మందు కండరంలోకి బాగా దిగుతుంది. 51 దాటించే ఎటెప్లిర్సెన్ అనే మందుకి అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2016 సెప్టెంబర్‌లో ఓకే చెప్పింది, సొంత శాస్త్రవేత్తల్లో కొందరు వద్దన్నా కూడా. ఆ మందు 180 వారాలు వాడిన పిల్లల కండలో వచ్చిన డిస్ట్రోఫిన్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దాంట్లో 0.93 శాతం. ఒక శాతం కూడా లేదు. దీనికి వారం వారం ఇంజెక్షన్, ధర మన ఊహకి అందనిది. కొందరు పిల్లల్లో నడక కొంచెం ఎక్కువ కాలం నిలిచింది అంటారు, నేను కాదనను, కానీ "ఎలుకలో నయమైంది" నుంచి "0.93 శాతం" దాకా ఉన్న దూరం చూస్తే అక్క అడిగిన ప్రశ్న బరువెంతో నాకు అప్పుడు తెలిసింది.

జీన్ థెరపీ అంటే పనిచేసే జన్యువుని వైరస్‌లో పెట్టి ఒంట్లోకి పంపడం, దాని మీద ఆశ ఎక్కడ నుంచి పుట్టిందంటే, 1990లో బ్రిటన్ నుంచి ఒక కుటుంబం గురించి రిపోర్ట్ వచ్చింది, వాళ్ళలో ఒకాయనకి డిస్ట్రోఫిన్ జన్యువులో దాదాపు సగం లేదు, కానీ 61 ఏళ్ళప్పటికీ నడుస్తున్నాడు. ఆయన వాక్యం పొట్టిదైనా అర్థం తప్పలేదు. అంటే ప్రొటీన్ మొత్తం అక్కర్లేదు, రెండు చివరలూ, మధ్యలో కొన్ని స్ప్రింగులూ ఉంటే చాలు. పూర్తి జన్యువు వైరస్‌లో పట్టదు కాబట్టి కత్తిరించి మైక్రో డిస్ట్రోఫిన్ చేశారు, ఎండీఎక్స్ ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది, ఆ దారిలోనే 2023 జూన్‌లో ఎలెవిడిస్ అనే మందు వచ్చింది, ఒక్కసారి ఇస్తే 32 లక్షల డాలర్లు. పెద్ద ట్రయల్‌లో అసలు పెట్టుకున్న టార్గెట్ మాత్రం అందుకోలేదు. 2025లో నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు అబ్బాయిలు ఈ మందు తీసుకున్నాక లివర్ ఫెయిలై చనిపోయారు, అప్పట్నుంచి నడవలేని పిల్లలకి ఇవ్వడం ఆపేశారు. ఎలుకలో ఇది ఎందుకు కనపడలేదంటే, లెక్క వేసుకోండి, 25 గ్రాముల ఎలుకలు 800 కలిస్తే 20 కేజీల పిల్లాడు. అన్ని కోట్ల కోట్ల వైరస్ కణాలు ఒకేసారి పోస్తే ఆ భారం మోయాల్సింది లివరే. పైగా ల్యాబ్ ఎలుక పుట్టినప్పట్నుంచీ శుభ్రమైన బోనులో ఉంటుంది, మన పిల్లలు అలాంటి వైరస్‌లని ఎప్పుడో బయట చూసి ఉంటారు, వాళ్ళ ఒంట్లో యాంటీబాడీలు ముందే ఉండొచ్చు. 8, 9 ఎక్సాన్లు పోయిన పిల్లలకైతే ఈ మందు ఇవ్వనే కూడదు, కొత్తగా వచ్చిన ఆ భాగాన్ని వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ శత్రువు అనుకుంటుంది. ఒకే వంశపు ఎలుకల్లో, ఒకే తప్పు మీద చేసిన పరీక్షలో ఇలాంటి తేడా బయటపడే అవకాశమే లేదు.

ఇదంతా చదివి ఎలుకల మీద నమ్మకం పోగొట్టుకోవద్దు, నాకు పోలేదు, ఎందుకో చెప్తా. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అని ఇంకో జబ్బుంది, ఎస్ఎంఏ, క్రౌడ్‌ఫండింగ్ పోస్టుల్లో 16 కోట్ల ఇంజెక్షన్ అని మనందరం చూసిందే. అందులో తప్పు నరాల కణాల్లో, కండ చచ్చుబడేది దాని వల్ల. మనిషికి ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 అని రెండు జన్యువులుంటాయి, మొదటిది పోతే జబ్బు, రెండోది అరకొరగా ఆదుకుంటుంది. ఎలుకకి ఉన్నది ఒకటే, అది తీసేస్తే పిండంలోనే పోతుంది. అందుకని 2000 ప్రాంతంలో ఎలుక జన్యువు తీసేసి మనిషి ఎస్ఎంఎన్2 పెట్టారు, ఇప్పుడా ఎలుక పిల్ల పుడుతుంది, కొన్ని రోజులే బతుకుతుంది, సరిగ్గా ఆ పసిపిల్లల్లాగే. తర్వాత వచ్చిన రకం రెండు వారాలు బతికేది. 2010లో వాటికి పుట్టిన మర్నాడు జీన్ థెరపీ ఇస్తే 250 రోజులు దాటి బతికాయి. ఐదో రోజు ఇస్తే కొంత లాభం, పదో రోజు ఇస్తే దాదాపు ఏమీ లేదు. ఆ ఎలుక చెప్పింది మనుషుల్లో అక్షరాలా నిజమైంది, 2016లో నుసినెర్సెన్, 2019లో జోల్‌జెన్స్‌మా అనే మందులు వచ్చాక, లక్షణాలు మొదలవకముందే మందు పడిన పిల్లలు కూర్చున్నారు, నడిచారు, ఆలస్యమైనవాళ్ళకి జబ్బు ఆగినంత మటుకు ఆగింది. పుట్టగానే టెస్ట్ చెయ్యాలి అన్న వాదన వెనక ఆ పదో రోజు ఎలుకలున్నాయి.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ జీఎన్ఈ మయోపతి. పెద్దయ్యాక ముందు పాదాలు వాలిపోయి, మెల్లగా పైకి పాకే కండరాల జబ్బు. మనుషుల్లో ఉండే ఒక తప్పునే తెచ్చి ఎలుకలో పెడితే, 2007లో, ఆ ఎలుక పిల్లలు కండరాల జబ్బు వచ్చేదాకా ఉండలేదు, కిడ్నీలు చెడిపోయి మూడు రోజుల్లో చచ్చిపోయాయి. ఆ తప్పున్న మనుషులకి కిడ్నీ జబ్బు రాదు. ఒకే అక్షరం, ఒక జీవిలో కాలు, ఇంకో జీవిలో కిడ్నీ. జపాన్‌లో వేరే పద్ధతిలో కండరాల జబ్బు వచ్చే ఎలుకని చేసి, ఆ తప్పు వల్ల ఒంట్లో తగ్గిపోయే సియాలిక్ ఆమ్లం ముందు నుంచీ ఇస్తే జబ్బు ఆగింది, మనుషుల్లో పెద్ద ట్రయల్ 2017లో ఫెయిలైంది, తర్వాత 2024లో జపాన్ మటుకు ఆ మందుకి అనుమతి ఇచ్చింది.

డుషెన్‌లో కూడా ఎలుక నిలబెట్టిన మాటలున్నాయి. ఒక రకం ఎంజైముని ఆపే మందులు ఎండీఎక్స్ ఎలుకల్లో పీచు తగ్గిస్తాయని 2006లో ఇటలీ వాళ్ళు చూపించారు, ఆ కోవలోదే గివినోస్టాట్, 2024 మార్చిలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, జబ్బుని నిదానింపజేసే మందే, నయం చేసేది కాదు, కానీ ఏ ఎక్సాన్ పోయినా ఇవ్వొచ్చు. 2006 నుంచి 2024, పద్దెనిమిదేళ్ళు. అక్క "ఎప్పటికొస్తుందిరా" అంటే నా దగ్గర ఇప్పుడున్న నిజాయితీ గల అంకె ఇదొక్కటే.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళి ఇదంతా అక్కకి చెప్పా. కమల పలక వాక్యం కాగితం మీద రాసి, బ్లేడుతో ముక్కలు కోసి చూపించా, మా వాడు పక్కనే కూర్చుని ఆ "క" తనే తీసి పక్కన పెట్టాడు. 51 అని మార్కర్‌తో రాసి ఫైలు అట్ట మీద అంటించుకుంది అక్క, హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా ఆ ఫైలే పట్టుకెళ్తుంది. గివినోస్టాట్ గురించి డాక్టర్‌ని అడగడానికి ఒక ప్రశ్న, గుండె స్కాన్ ఏడాదికోసారి చేయిస్తున్నామా లేదా అని ఒక ప్రశ్న రాసుకుంది. రాత్రుళ్ళు మడమ బిగిసిపోకుండా వేసే స్ప్లింట్లు వాడికి ఇష్టం ఉండదు, వాటి గురించి ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు.

నిన్న మళ్ళీ ఒక ఫార్వర్డ్ వచ్చింది, అదే హెడ్డింగు, అదే ఎలుక ఫొటో. కింద లైను మాత్రం మారింది: "ఇది ఏ ఎలుకరా? 23దా, 50దా? ఎన్ని వారాలప్పుడు ఇచ్చారో చూసి చెప్పు."